విప్పిన బండిని తిరిగి బిగించేటప్పుడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా మటుకు ఒకే దశలో ఆగిపోయినవాళ్లవి. బండి విప్పారు, కడిగారు, కావలసిన సామాను తెచ్చుకున్నారు, బిగించే దగ్గర చిక్కుకున్నారు. అందుకని శీర్షికంతా ఆ పనికే ఇస్తున్నాం. కింద చెప్పిన కొలతలు 100 నుంచి 200 సీసీ లోపు, గాలితో చల్లబడే సింగిల్ సిలిండర్ ఫోర్‌స్ట్రోక్ బళ్లకు మామూలుగా ఉండేవి. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

ప్రశ్న: ఏడాది కిందట బండిని ఛాసిస్ దాకా విప్పేశాను. బోల్టులన్నీ ఒకే డబ్బాలో పోశాను. ఇప్పుడు ఏది ఎక్కడిదో గుర్తు లేదు. ఏం చేయాలి?

జవాబు: డబ్బాను పాత గుడ్డ మీద బోర్లించి, ముందు లావును బట్టి కుప్పలు వేయండి. 5, 6, 8, 10, 12 మి.మీ. కుప్పల్లోకి దాదాపు అన్నీ వచ్చేస్తాయి. లావు అంటే మర ఉన్న చోట లావు. తలకు పట్టే స్పానర్ సైజు చూసి మోసపోకండి. 6 మి.మీ. బోల్టుకు 8 నంబరు తలా ఉంటుంది, 10 నంబరు తలా ఉంటుంది.

తర్వాత మరల మధ్య దూరం, అంటే పిచ్ చూడాలి. 6 మి.మీ. బోల్టుకు 1.0, 8 మి.మీ. బోల్టుకు 1.25. పేచీ అంతా 10 మి.మీ. దగ్గర వస్తుంది. బళ్లలో ఎక్కువగా వాడేది 1.25 పిచ్, బయట విడిగా దొరికేవాటిలో ఎక్కువ భాగం 1.5. తప్పు బోల్టు కూడా చేత్తో ఒకటి రెండు చుట్లు తిరుగుతుంది, ఆ పైన పట్టేస్తుంది. అక్కడ స్పానర్ వేసి ఇంకాస్త తిప్పితే లోపలి మర కొట్టుకుపోతుంది. ఏ బోల్టయినా కనీసం నాలుగైదు చుట్లు వేళ్లతోనే ఎక్కాలి. ఎక్కకపోతే వెనక్కి తీసి కారణం వెతకండి.

తల మీద 8.8, 10.9 అని అచ్చు ఉన్నవి గట్టి బోల్టులు. ఇంజను మౌంటింగులు, బ్రేకు డిస్కు, స్ప్రాకెట్ లాంటి చోట్ల అంకె లేని మెత్తటి బోల్టు పెట్టవద్దు. మీ మోడల్ పార్ట్స్ క్యాటలాగు సంపాదిస్తే సగం చిక్కు విడిపోతుంది. ఏ బొమ్మలో ఏ బోల్టు ఉందో, దాని కొలతేమిటో అందులో ఉంటుంది. కొన్ని కంపెనీలు పార్ట్ నంబరులోనే కొలత పెడతాయి. హోండా ఫ్లాంజ్ బోల్టు నంబరు మధ్యలో 06025 ఉంటే 6 మి.మీ. లావు, 25 మి.మీ. పొడవు అని అర్థం.

ఇక క్లచ్ కవరు, మ్యాగ్నెట్ కవరు బోల్టులు. అన్నీ 6 మి.మీ. లావే, పొడవులే మూడు నాలుగు రకాలు. కవరును డోవెల్ పిన్నుల (దాన్ని సరైన చోట నిలిపే చిన్న పిన్నులు) మీద కూర్చోబెట్టి, బోల్టులను తిప్పకుండా ఊరికే రంధ్రాల్లో జారవిడవండి. సరైన చోట పడితే తలలన్నీ కవరు పైన ఇంచుమించు ఒకే ఎత్తులో, సుమారు సెంటీమీటరు పైకి నిలబడతాయి. మర లోపలికి దిగాల్సిన లోతు అదే. ఒకటి మాత్రం పొడుగ్గా నిక్కితే అది వేరే రంధ్రానిది. దాన్ని బిగిస్తే కొస అడుగుకు తగిలి కేసు పగులుతుంది. ఒకటి మునిగినట్టు ఉంటే దానికి రెండు మూడు చుట్ల మరే అందుతుంది, బిగించగానే ఊడి వస్తుంది. అల్యూమినియంలో మర పట్టు బోల్టు లావుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. 6 మి.మీ. బోల్టుకు 9 మి.మీ. అన్నమాట.

ప్రశ్న: విప్పిన క్రమాన్ని తిరగేసి బిగించుకుంటూ వస్తే సరిపోతుందా? మాన్యువల్‌లోనూ అలాగే రాశారు.

జవాబు: మాన్యువల్ ఆ మాట ఒక్కో భాగానికి చెబుతుంది, మొత్తం బండికి కాదు. ఛాసిస్ నుంచి మొదలుపెడితే కొన్ని పనులకు వేరే వరస ఉంది.

ఛాసిస్‌కు కొత్త రంగు వేయించి ఉంటే ముందు ప్రతి మర రంధ్రంలోనూ ట్యాప్ (మర కోసే పనిముట్టు) తిప్పి రంగు తీసేయండి. ఇంజను మౌంటింగ్ ముఖాలు, హ్యాండిల్ బేరింగ్ కప్పులు కూర్చునే చోట్లు, ఎర్తు వైరు బిగించే చోటు ఇనుము కనబడేదాకా గీకాలి. పౌడర్ కోటింగ్ మందంగా ఉంటుంది కాబట్టి దానితో ఇబ్బంది ఇంకా ఎక్కువ.

ఖాళీ ఛాసిస్‌కు మొదట ఎక్కాల్సింది సెంటర్ స్టాండు. దాని స్ప్రింగు లాగడానికి అప్పుడున్నంత చోటు మళ్లీ దొరకదు. తర్వాత స్వింగ్ ఆర్మ్, అంటే వెనక చక్రాన్ని పట్టుకునే చేయి. మీ చైనుకు విప్పే లింకు లేకపోతే, స్వింగ్ ఆర్మ్ ఎక్కించే ముందే చైనును దాని చుట్టూ వేలాడదీయాలి. మరిచిపోతే వెనక భాగమంతా మళ్లీ విప్పాలి. పివట్‌లో రబ్బరు బుష్‌లు ఉంటే నట్టును అప్పుడే పూర్తిగా బిగించకండి. చక్రాలు ఎక్కి, బండి బరువు నేల మీద పడ్డాక బిగించండి. ఆర్మ్ కిందికి వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి నేల మీద ఉన్నంతసేపూ రబ్బరు మెలితిరిగే ఉంటుంది, తొందరగా చిరుగుతుంది.

షాకబ్జర్లు, హ్యాండిల్ స్టెమ్ము, ఫోర్కులు, చక్రాలు, ఆ తర్వాత ఇంజను. ఒక్కరే ఉంటే ఇంకో దారి ఉంది. ఇంజనును పక్కకు పడుకోబెట్టి, చక్రాలు లేని ఛాసిస్‌ను దాని మీదకు దించండి. ఎలా ఎక్కించినా మౌంటింగ్ బోల్టులన్నీ దూర్చి, నట్లన్నీ వేళ్లతో ఎక్కాకే స్పానర్ పట్టుకోవాలి. ఒకటి బిగించి రెండోదానికి వెళితే ఆ రంధ్రం సగం తప్పుకుని ఉంటుంది. సుత్తి తీయాల్సి వస్తోందంటే ఎక్కడో ఒకటి ముందే బిగించారని లెక్క.

ప్రశ్న: పిస్టన్, రింగులు మార్చి హెడ్ బిగించాను. కిక్కు సగం దాకా దిగి, గోడకు తగిలినట్టు ఆగిపోతోంది. గట్టిగా తొక్కవచ్చా?

జవాబు: వద్దు. ఆ ఆగడం చాలా సార్లు పిస్టన్ వెళ్లి వాల్వుకు తగలడం వల్లే. ఒక్కసారి గట్టిగా తొక్కితే వాల్వు కాడ వంగుతుంది, ఆ తర్వాత టైమింగ్ సరిచేసినా కంప్రెషన్ రాదు.

మ్యాగ్నెట్ మీద గుర్తులు చూడండి. ఎక్కువ బళ్లలో రెండు ఉంటాయి, టి ఒకటి, ఎఫ్ ఒకటి. టి అంటే పిస్టన్ పూర్తిగా పైన ఉన్న స్థానం. ఎఫ్ అంటే ప్లగ్గు నిప్పు పడే స్థానం, అది టి కంటే కొన్ని డిగ్రీల ముందు వస్తుంది. రెండూ పక్కపక్కనే ఉండటంతో కిటికీలోంచి చూసేవాళ్లు ఎఫ్‌ను పట్టుకుని చైను వేసేస్తారు. మీదీ ఇదే కావచ్చు. లేదా చైను ఒక పన్ను తప్పి ఉండవచ్చు. ఒక్క పన్ను అంటే చిన్నదేం కాదు. 34 పళ్ల క్యామ్ స్ప్రాకెట్‌లో ఒక పన్ను తప్పితే క్యామ్ పదిన్నర డిగ్రీలు తప్పుతుంది. క్రాంకు లెక్కలో అది 21 డిగ్రీలు.

సరైన పద్ధతి ఇది. స్పార్క్ ప్లగ్గు తీసేయండి. టైమింగ్ చైనును పైకి లాగి పట్టుకునే క్రాంకును తిప్పండి, వదిలేస్తే కింద చిన్న స్ప్రాకెట్ దగ్గర ముడిపడి ఇరుక్కుంటుంది. టి గుర్తును కేసు మీది గీతకు ఎదురుగా తెచ్చి ఆపండి. క్యామ్ స్ప్రాకెట్ మీది రెండు గీతలు హెడ్ పై అంచుకు సమాంతరంగా ఉండేలా చైను వేయండి. స్ప్రాకెట్ మీద గుండ్రటి గుర్తో చుక్కో ఉంటే అది ఎటు ఉండాలో మాన్యువల్‌లో చూసుకోండి. చైను వదులంతా టెన్షనర్ (చైనును బిగువుగా ఉంచే భాగం) ఉన్న వైపే మిగలాలి, రెండో వైపు తీగలా లాగి ఉండాలి.

ఎక్కువ మంది దాటేసే మెట్టు ఇక్కడ ఉంది. స్ప్రాకెట్ బోల్టులు బిగించే ముందు, టెన్షనర్ రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్‌తో చైను పట్టీని మెల్లగా నొక్కండి. వదులు తగ్గేకొద్దీ క్యామ్ కాస్త తిరుగుతుంది. అలా నొక్కి పట్టుకుని మళ్లీ గీతలు చూడండి. అప్పుడూ సమాంతరంగా ఉంటేనే టైమింగ్ కుదిరినట్టు. వదులు చైను మీద కుదిరినట్టు కనబడింది టెన్షనర్ పడగానే అర పన్ను పక్కకు జరుగుతుంది. టెన్షనర్‌ను బిగించే ముందు దాని కడ్డీని పూర్తిగా లోపలికి తిప్పి ఆపాలి, బోల్టులు బిగించాక వదలాలి. కడ్డీ బయటికి ఉండగా బోల్టులతో లాగి కూర్చోబెడితే చైను మరీ బిగుసుకుంటుంది, లేదంటే టెన్షనర్ చెవి విరుగుతుంది.

ఇప్పుడు మ్యాగ్నెట్ నట్టుకు స్పానర్ వేసి, ఇంజను తిరిగే దిశలోనే క్రాంకును నిదానంగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. క్రాంకు రెండు చుట్లకు క్యామ్ ఒక చుట్టు కాబట్టి రెండూ తిరగాలి. ఎక్కడైనా లోహం లోహానికి తగిలినట్టు ఆగితే ఆపి వెనక్కి రండి. ఆగకుండా తిరిగి, టి దగ్గర గీతలు మళ్లీ కలిస్తే టాపెట్లు సరిచేయండి. ఇంజను చల్లగా ఉండాలి, టి గుర్తు దగ్గర వాల్వులను నొక్కే రెండు రాకర్లూ వదులుగా కదలాలి. ఏ రాకరైనా బిగుసుకుని ఉంటే మీరు తప్పు చుట్టులో ఉన్నారు, క్రాంకును ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. రాకరుకూ వాల్వు కాడకూ మధ్య సందు చాలా బళ్లలో 0.05 నుంచి 0.10 మి.మీ. మధ్యలో ఉంటుంది. సందు కొలిచే ఫీలర్ గేజి రేకు కొద్దిగా పట్టుకుంటూ జారాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరిగి సందు మారుతుంది, బిగించాక మరోసారి కొలవండి.

ప్రశ్న: కొత్త రింగులు వేశాక నీలం పొగ వస్తోంది. ముందు ఇంత లేదు.

జవాబు: కొత్త రింగులతో పొగ పెరిగిందంటే రింగుల నాణ్యత కంటే వాటిని కూర్చిన తీరును ముందు అనుమానించాలి. పై రెండు రింగుల మీద, చివర దగ్గర, చిన్న అక్షరమో చుక్కో ఉంటుంది. అది ఉన్న ముఖం పైకి రావాలి. రెండో రింగు అంచు ఏటవాలుగా ఉంటుంది, నూనెను కిందికి గీకడం దాని పని. తిరగేసి వేస్తే ప్రతి స్ట్రోకుకూ నూనెను పైకి తోస్తుంది. అడుగున ఉండే ఆయిల్ రింగు మూడు ముక్కలు, మధ్యలో ముడతల రేకు, దాని పైనా కిందా రెండు పల్చటి పట్టీలు. రేకు కొసలు ఎదురెదురుగా ఆనుకుని ఉండాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఎక్కితే రింగుకు బిగువు పోతుంది, పొగ మొదటిరోజు నుంచే వస్తుంది. రింగుల సందులు ఒకదాని కింద ఒకటి పడకుండా 120 డిగ్రీల దూరంలో ఉంచండి.

రింగును బోరులో ఒంటరిగా పెట్టి, పిస్టన్ తలతో రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి తోసి, దాని కొసల సందు కొలవండి. 50 నుంచి 60 మి.మీ. బోరుకు పై రింగు సందు 0.15 నుంచి 0.35 మి.మీ. మధ్య ఉండటం మామూలు. అర మిల్లీమీటరు దాటిందంటే బోరే అరిగింది, కొత్త రింగులతో అది తీరదు.

బోరు గోడ అద్దంలా మెరుస్తుంటే హోనింగ్ చేయించాలి. అడ్డంగా, ఏటవాలుగా గీతలు పడాలి, వాటి గరుకే రింగులను బోరుకు అలవాటు చేస్తుంది, వాటిలో నూనె నిలుస్తుంది. హోనింగ్ చేశాక పెట్రోలుతో తుడిచి వదిలేయడం పెద్ద పొరపాటు. ఇసుకలాంటి రాపిడి పొడి ఆ గీతల్లోనే ఉండిపోతుంది. వేడినీళ్లు, సబ్బు పొడి, బ్రష్షు తీసుకుని రుద్దండి. తర్వాత తెల్లటి గుడ్డకు నూనె అద్ది లోపల తుడవండి. బూడిద రంగు మరక వస్తే ఇంకోసారి కడగండి. గుడ్డ తెల్లగానే బయటికి వచ్చేదాకా ఆ పని ఆగదు. కడగగానే నూనె పూయకపోతే చూస్తుండగానే తుప్పు పడుతుంది.

ఇన్నీ సరిగ్గానే ఉండి, పొగ స్టార్ట్ చేసినప్పుడు ఒక్క విడత మాత్రమే వచ్చి ఆగిపోతుంటే వాల్వు సీళ్లను చూడండి.

మరో మాట. పిస్టన్ తల మీద ఇన్ అని ఉంటే అది కార్బొరేటర్ వైపు, బాణం ఉంటే సైలెన్సర్ వైపు రావాలి. గజన్ పిన్ను (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్డుకు కలిపే పిన్ను) లాకులు ఎప్పుడూ కొత్తవే వేయాలి, లాకు నోరు పిస్టన్ మీది గాడికి ఎదురుగా రాకూడదు. లాకు వేసేటప్పుడు క్రాంక్‌కేసు నోట్లో గుడ్డ కుక్కండి. అది చేతిలోంచి ఎగిరిందంటే నేరుగా అందులోకే పోతుంది.

ప్రశ్న: టార్క్ రెంచ్ లేకుండా చేతి అంచనాతో హెడ్ నట్లు బిగించవచ్చా?

జవాబు: హెడ్, క్రాంక్‌కేసు, యాక్సిల్, బ్రేకు బోల్టుల దగ్గర వద్దు. అరువు తెచ్చుకునైనా వాడండి. మిగతా చోట్లకు మామూలు అంకెలు ఇవి: 6 మి.మీ. బోల్టుకు 10 న్యూటన్ మీటర్లు, 8 మి.మీ. బోల్టుకు 20 నుంచి 25, 10 మి.మీ. బోల్టుకు 35 నుంచి 40. మాన్యువల్‌లో కిలోగ్రామ్-మీటర్లలో (kgf·m) ఇచ్చి ఉంటే 9.8తో గుణించండి. హెడ్ నట్లను ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో పెంచుకుంటూ రావాలి. నూనె పూసిన మర పొడి మర కంటే తేలిగ్గా జారుతుంది, అదే అంకెకు లోపల లాగుడు చాలా ఎక్కువవుతుంది. అందుకని మాన్యువల్ నూనె పూయమంటేనే పూయండి. స్టడ్లలో ఒకదాని పక్క నుంచి నూనె పైకి వెళ్లే ఇంజన్లలో ఆ స్టడ్డుకు రాగి వాషరు, మూత నట్టు ఉంటాయి. వాటి చోటు మారిస్తే హెడ్ పైన నూనె ఊరుతూనే ఉంటుంది.

ప్రశ్న: క్లచ్ ప్లేట్లు కొత్తవి వేశాను. లివర్ పూర్తిగా పట్టినా గేరు వేయగానే బండి ముందుకు దూకుతోంది.

జవాబు: కొత్త ప్లేట్లను నూనెలో నానబెట్టారా? పొడిగా వేస్తే స్టీలు ప్లేట్లకు అతుక్కుని వదలవు. కొన్ని గంటలు, కుదిరితే ఒక రాత్రి ఇంజను నూనెలో ఉంచాలి. ఆ నూనె డబ్బా మీద జాసో (జపాన్ నూనె ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ రకం నూనెలో తడి క్లచ్ జారుతుంది.

నానబెట్టే వేసి ఉంటే వరస లెక్కపెట్టండి. మామూలుగా ఫ్రిక్షన్ ప్లేటుతో మొదలై, మధ్యలో ఒక్కో స్టీలు ప్లేటు వచ్చి, ఫ్రిక్షన్ ప్లేటుతోనే ముగుస్తుంది. రెండు స్టీలు ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుని వెళ్లడం తరచూ జరిగే తప్పు. నూనె జిడ్డుకు రెండూ ఒకటిలా కనబడతాయి. తర్వాత ప్రెజర్ ప్లేటు మధ్యలో బేరింగ్ ఉందో లేదో చూడండి. దాన్ని మరిచిపోతే లివర్ ఎంత లాగినా ప్లేటు చాలినంత లేవదు. స్ప్రింగు బోల్టులు ఎదురెదురుగా బిగించి, కవరు మూసే ముందే ఒకరిని లివర్ పట్టుకోమనండి. ప్రెజర్ ప్లేటు అన్ని వైపులా సమంగా లేవాలి. ఒక పక్క మాత్రమే లేస్తుంటే ఆ పక్క స్ప్రింగు మిగతావాటికంటే పొడవు తక్కువో ఎక్కువో అయి ఉంటుంది. అన్నీ సరిగ్గా ఉంటే చివరగా కేబుల్ చూసుకోండి. లివర్ కొస దగ్గర 10 నుంచి 20 మి.మీ. ఆట ఉండాలి.

ప్రశ్న: అంతా బిగించాక ఒక వాషరు మిగిలింది. బండి బాగానే స్టార్టవుతోంది. వదిలేయవచ్చా?

జవాబు: వాషరును తుడిచి వెలుతురులో చూడండి. పల్చటి జింకు పూత ఉండి, ఒక పక్క బోల్టు తల నొక్కిన ముద్ర ఉంటే అది మడ్‌గార్డుదో సైడు కవరుదో, కంగారు లేదు. రాగిది లేదా అల్యూమినియంది అయితే డ్రెయిన్ బోల్టు, బ్రేకు గొట్టం బోల్టు చూడండి. రెండూ కారితే ప్రమాదమే. గట్టి ఉక్కుదై, రెండు ముఖాలూ నునుపుగా అరిగి, వాటి మీద సన్నటి వలయాలు ఉంటే అది తిరిగే షాఫ్టు మీదిది. కిక్ షాఫ్టు, క్లచ్ బకెట్ వెనక భాగం, గేరు షాఫ్టు చివర, ఈ మూడు చోట్లే ముందుగా వెతకాలి. అది లేకుండా నడిపితే షాఫ్టు పక్కకు ఆడి, కొన్నాళ్లకు కేసునే తినేస్తుంది. అలాంటిది మిగిలితే ఇంజను మళ్లీ విప్పక తప్పదు.

వాషరు మిగలకపోయినా ఒక చోట చూసుకోవడం మంచిది. మ్యాగ్నెట్ తొడిగే ముందు దాని లోపలి గోడ మీద వేలు తిప్పండి. బల్ల మీద పోయిందనుకున్న స్క్రూనో వుడ్రఫ్ కీనో (అర్ధచంద్రాకారపు చిన్న కీ) అయస్కాంతానికి అంటుకుని అక్కడే ఉండటం మామూలే.

ప్రశ్న: ముందు చక్రం, హ్యాండిల్ బేరింగ్ బిగించాను. హ్యాండిల్ గట్టిగా తిరుగుతోంది. అదే కాక, ముందు బ్రేకు వేస్తే ఏదో కదిలినట్టు అనిపిస్తోంది.

జవాబు: రెండో మాట మొదట. మీది డ్రమ్ బ్రేకు అయితే బండి కదిలించకండి. బ్రేకు ప్లేటు మీద గాడి ఉంటుంది, ఫోర్కు కాలి లోపలి వైపు బొడిపె ఉంటుంది. చక్రం ఎక్కించేటప్పుడు ఆ బొడిపె గాడిలో కూర్చోవాలి. కూర్చోకపోయినా యాక్సిల్ దూరుతుంది, నట్టు బిగుస్తుంది, చక్రం తిరుగుతుంది, పైనుంచి చూస్తే ఏ తేడా కనబడదు. వేగంలో బ్రేకు పడగానే ప్లేటు చక్రంతో పాటే తిరిగి, కేబుల్‌ను చుట్టుకుని చక్రం లాక్ అవుతుంది. కింద కూర్చుని టార్చి వేసి, బొడిపె గాడిలో ఉందని కంటితో చూశాకే నట్టు బిగించండి. డిస్కు బ్రేకు అయితే క్యాలిపర్ బోల్టులు, ప్యాడ్ పిన్ను, హ్యాండిల్ బేరింగ్ వదులు, ఈ మూడూ చూడండి.

హబ్బులో రెండు బేరింగుల మధ్య ఉండే గొట్టం పెట్టారో లేదో కూడా గుర్తుచేసుకోండి. అది లేకపోతే యాక్సిల్ బిగించేకొద్దీ బేరింగుల లోపలి వలయాలు ఒకదానివైపు ఒకటి నొక్కుకుని చక్రం బిగుస్తుంది. నట్టు వదులు చేస్తే తిరిగి, బిగిస్తే ఆగుతుంటే కారణం దాదాపుగా అదే.

ఇక హ్యాండిల్. విడి గుండ్ల రకమైతే విప్పినప్పుడు లెక్కపెట్టిన సంఖ్యే పైనా కిందా వేయాలి. వలయం నిండా కుక్కకూడదు, ఒక గుండు పట్టడానికి కాస్త చాలనంత ఖాళీ ఉండాలి. గుండ్లను గ్రీజులో అంటించి, నట్టును మొదట కాస్త గట్టిగా బిగించండి. హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ఐదారుసార్లు తిప్పండి, దాంతో కప్పులు కూర్చుంటాయి. తర్వాత నట్టు వదులు చేసి, ఆట పోయేంత మేరకే మళ్లీ తిప్పండి. పై నట్టు బిగిస్తే కింది నట్టు కూడా కాస్త బిగుస్తుంది, ఆ లెక్క ముందే వేసుకోవాలి. పరీక్షకు ముందు చక్రం నేలనుంచి పైకి లేపండి. మధ్య నుంచి వేలితో తట్టితే హ్యాండిల్ తన బరువుకే పక్కకు పడిపోవాలి. ఫోర్కు కాళ్లు పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే టక్కు శబ్దం రాకూడదు. కేబుళ్లు అడ్డుపడితే ఈ పరీక్ష తప్పు ఫలితం ఇస్తుంది, వాటిని బిగించే ముందే చేయండి.

ప్రశ్న: వైరింగ్ మొత్తం కలిపాను. బ్యాటరీ పెట్టడానికి భయంగా ఉంది. ముందే ఎలా పరీక్షించాలి?

జవాబు: మెయిన్ ఫ్యూజు తీసి, ఆ రెండు కొసల మధ్య 12 వోల్టుల ఇండికేటర్ బల్బు ఒకటి కలపండి. బ్యాటరీకి ముందు ప్లస్, తర్వాత మైనస్ తగిలించండి. తాళం తిప్పకముందే బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. తాళం తిప్పాక మసకగా వెలగడం సహజం. అప్పుడు హార్ను, బ్రేకు లైటు, ఇండికేటర్లు ఒక్కొక్కటే నొక్కండి. ఏది నొక్కితే బల్బు ఒక్కసారిగా నిండుగా వెలిగి, ఆ భాగం మాత్రం పనిచేయదో అక్కడ షార్టు ఉందేమో చూడండి. బల్బు అడ్డుగా ఉంది కాబట్టి వైర్లు కాలవు.

సెల్ఫు నీరసంగా తిరిగినా, రేసు పెంచితే హెడ్‌లైటు వెలుగు ఊగినా ఎర్తు దగ్గర రంగు గీకలేదేమో చూడండి. హ్యాండిల్‌ను పూర్తిగా తిప్పినప్పుడు ఇంజను వేగం పెరుగుతుంటే యాక్సిలేటర్ కేబుల్ దారి తప్పింది. గ్రిప్పు దగ్గర 2 నుంచి 6 మి.మీ. ఆట ఉండాలి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో అన్నీ కలిపినా స్టార్ట్ కాకపోతే, బండి పడిపోతే ఇంజను ఆపే సెన్సరును చూడండి. దాని మీద పై వైపు గుర్తు ఉంటుంది. తలకిందులుగా బిగిస్తే బండి పడి ఉందనుకుని ఇంజనును లేవనివ్వదు.

ప్రశ్న: అన్నీ అయ్యాయి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఏమేం చూడాలి?

జవాబు: నూనె కొలతతో మొదలుపెట్టండి. మాన్యువల్‌లో రెండు అంకెలుంటాయి, నూనె మార్చినప్పుడు ఒకటి, ఇంజను పూర్తిగా విప్పినప్పుడు ఇంకొకటి. రెండోది 100 నుంచి 200 మి.లీ. ఎక్కువ. మీకు కావలసింది రెండోదే.

పెట్రోలు కలపకముందే స్పార్క్ ప్లగ్గు తీసి, క్యాపుకు తగిలించి, దాని మర హెడ్‌కు ఆనేలా పెట్టండి. గాల్లో వదిలితే కాయిల్ దెబ్బతింటుంది. టాపెట్ మూత తీసి కిక్కు కొడుతూ ఉండండి. పది పదిహేను కిక్కుల్లో రాకర్ల మీదకు నూనె రావడం కనబడాలి. ఇంకో పది కొట్టినా రాకపోతే స్టార్ట్ చేయవద్దు. పంపు గేరు, కవరు గ్యాస్కెట్‌లో నూనె రంధ్రం, దాని ఓ రింగు చూడండి. గ్యాస్కెట్ తిరగేసి వేస్తే రంధ్రం మూసుకుపోతుంది.

డిస్కు బ్రేకు ఉంటే లివర్ గట్టిపడేదాకా కొట్టండి, ప్యాడ్లు వెనక్కి నెట్టి ఉంటాయి కాబట్టి మొదటి రెండు మూడు నొక్కులకు బ్రేకు అసలు పడదు. చైను మధ్యలో కిందికీ పైకీ 20 నుంచి 30 మి.మీ. ఆట ఉండాలి. లింకు క్లిప్పు మూసిన కొస చైను కదిలే దిశకు ఉండాలి.

స్టార్టయ్యాక రెండు మూడు నిమిషాలు చాలు. నిలబెట్టి చాలాసేపు తిప్పడం కొత్త రింగులకు మంచిది కాదు, తక్కువ భారంలో అవి గోడకు సరిగా ఒత్తుకోవు. ఆపి, చల్లారనిచ్చి నూనె మట్టం చూసుకుని బండి నడపండి. ఒకే వేగంలో ఉంచకుండా యాక్సిలేటర్ సగం దాకా ఇస్తూ, వదులుతూ నడపాలి. వేగం తగ్గించాక ఇంజను వేగం మామూలుగా ఉండే నిమిషానికి 1400 చుట్ల దగ్గరకు దిగకుండా పైనే తేలుతుంటే కార్బొరేటర్, మ్యానిఫోల్డు మధ్య గాలి లీకు ఉందని అనుమానించండి. అక్కడి ఓ రింగు నలిగిందేమో విప్పి చూడాలి.

500 కిలోమీటర్ల లోపే నూనె దించండి. దాంతోపాటు జల్లెడ కూడా తీయండి. సన్నటి వెండి మెరుపు ఉంటే మామూలే. జల్లెడకు రబ్బరు దారంలాంటి పోగులు పట్టి ఉంటే కేసు ముఖాలకు సీలెంట్ ఎక్కువ పూశారన్నమాట. జల్లెడ కడిగి పెట్టి, మరో 500 కిలోమీటర్లకు ఇంకోసారి తీసి చూడండి.